గడ్డం గొడ్డలి మంగతాయారు

మంగతాయారు కాపురానికొచ్చిన కొత్తల్లోనే సమ్మెట పట్టింది. పట్టమని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు సమ్మెట వేసే మనిషి జ్వరమని రాలేదు. కొలిమిలో ఇనుము ఎర్రగా కాలిపోతోంది. మొగుడు పాపారావు పట్టకారు చేత్తో పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. మంగతాయారు పొయ్యి మీది కూర దింపి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని వచ్చి సమ్మెట ఎత్తింది.

"ఎక్కడెయ్యాలో సూపించండి" అంది.

పాపారావు కాలిన ఇనుముని దాగలి దిమ్మ మీద పెట్టి, తన చిన్న సుత్తితో తట్టి చూపించాడు. ఆమె సరిగ్గా అక్కడే వేసింది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ అక్కడే పడింది. జ్వరం తగ్గి వచ్చిన మనిషిని పాపారావు వేరే పని చూసుకోమన్నాడు.

యానాం కనకాలపేటలో వాళ్ళ కొలిమి రోడ్డు వారన తాటాకు పాక. అగ్రహారం రైతులు కొడవళ్ళ పళ్ళు అరిగితే కక్కు కొట్టించుకోడానికి వచ్చేవారు. బళ్ళవాళ్ళు చక్రాలకి ఇనప పట్టాలు వేయించుకునేవారు. పాపారావు మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. మంగతాయారు దానికి పూర్తిగా తలకిందులేం కాదు. ఆమెకి మాటా ఎక్కువే, పనీ ఎక్కువే.

ఎనభై మూడు వేసవిలో పాపారావు లారీ కమాను కట్ట విప్పుతుంటే బోల్టు జారి, బిగుసుకుని ఉన్న పట్టీ ఎగిరి అతని కుడి మణికట్టు మీద పడింది. కాకినాడ తీసుకెళ్ళి కట్టు కట్టించారు. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు గట్టిగా ముడుచుకోవడం మానేశాయి. గ్లాసు పట్టుకోగలడు. సుత్తి పట్టుకోలేడు.

చుట్టాల్లో పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. దాగలి మంచిది, తాతలనాటిది, కొనేవాళ్ళు ఉన్నారు, అది అమ్మేసి ఏదైనా బడ్డీ కొట్టు పెట్టుకోండి అన్నారు. పాపారావు తలొంచుకుని విన్నాడు. మంగతాయారు అందరికీ మజ్జిగ ఇచ్చి, గోడకి చేరబడి నిలబడింది.

"దాగలి ఎందుకండీ అమ్మడం? రేపట్నుంచి సుత్తి నేను పడతాను. ఈయన తిత్తి లాగుతారు. ఎడం చెయ్యి బాగానే ఉందిగా. సమ్మెట నాగమణి వేత్తాది."

నాగమణి పాపారావు చెల్లెలు. మొగుడు పోయాక అన్నగారింట్లోనే ఉంటోంది. ఆ సమయంలో ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది.

"నేనెప్పుడన్నాను వదినా?" అంది తెల్లబోయి.

"ఇప్పుడంటావుగా."

నాగమణి చేతిలో చేపని చూసింది, వదిన మొహం చూసింది. తర్వాత నవ్వేసింది. "సర్లే. చేపలకంటే ఇనుమే నయం, జారిపోదు" అంది.

అలా కనకాలపేట కొలిమిలో ఇద్దరాడవాళ్ళు దాగలికి చెరోవైపూ నిలబడ్డారు. పాపారావు తిత్తి దగ్గర కూర్చుని నిప్పుల రంగు చెప్పేవాడు. "ఇంకా పండుమిరపకాయే. ఆగు. ఆగు... ఇప్పుడు పండిన నారింజ. తియ్యి." తన చేతులతో తెలిసినదాన్ని మాటల్లో పెట్టాల్సి రావడం అతనికి కొత్త. మొదట్లో విసుక్కునేవాడు. పోను పోను మాట కుదిరింది. ఒక్కోసారి అతను చెప్పకముందే మంగతాయారు ఇనుము తీసేసేది, అప్పుడతను తిత్తి వదిలేసి చిన్నగా తలాడించేవాడు.

కొడవళ్ళూ పారలూ వస్తూనే ఉన్నాయి. పెద్ద పని మాత్రం రాలేదు. అడవిపొలం దగ్గర గోదావరి ఒడ్డున వెంకటరాజు పడవలు కట్టేవాడు. అతని దగ్గర వడ్రంగులు చాలామంది పనిచేసేవారు, గొడ్డళ్ళూ బాడిసలూ నిత్యం అవసరం. పాపారావు చేతికి దెబ్బ తగిలాక అతను వాటికోసం కాకినాడ వెళ్ళడం మొదలెట్టాడు. ఓసారి రేవులో కనపడితే మంగతాయారు మొహమాటం లేకుండా అడిగేసింది.

"కొడవలి విరిగితే గట్టు మీద విరుగుద్దక్కా" అన్నాడు వెంకటరాజు. "గొడ్డలి ఊడితే నా మనుషుల కాళ్ళు పోతాయి. నీ మీద కోపం కాదు."

"నిజమే" అంది ఆమె. "నేను చేసిన గొడ్డలి నువ్వు చూళ్ళేదుగా. చూశాక మాట్టాడుకుందాం."

"చూసినప్పుడు చూద్దాంలే."

ఆమెకి బాధనిపించలేదు. అతను చెప్పింది న్యాయంగానే ఉంది. గొడ్డలి ఒకటి మంచిది చేసి అతని ముందు పెట్టాలి, అంతే కదా అనుకుంది.

ఆ మరుసటేడు తొలకరి రోజుల్లో లూయిస్ గారు సైకిలు మీద కొలిమి దగ్గరికొచ్చారు. యానాం వాళ్ళే. కుర్రతనంలో, యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్నప్పుడే, వాళ్ళ సైన్యంలో చేరి వెళ్ళిపోయారు. అందుకే ఊళ్ళో అందరూ ఆయన్ని సొల్దా గారనేవారు. అది ఫ్రెంచిలో సిపాయికి మాట. సైన్యం వదిలాక ఆయన ఫ్రాన్సులోనే, నార్మండీ అనే చోట సముద్రం ఒడ్డున, చెక్క పడవలు కట్టే యార్డులో చాలాకాలం పనిచేశారు. ముసలితనం దగ్గరపడ్డాక, చర్చి దగ్గర ఒంటరిగా ఉంటున్న చెల్లెలు తెరేసా ఇంటికి వచ్చేశారు. ఆ ఇంటి దొడ్లో సొంతంగా చిన్న పడవ ఒకటి కట్టుకుంటున్నారు.

ఆయన గోనెసంచి విప్పి ఓ గొడ్డలి తీసి దాగలి మీద పెట్టారు. కామ, అదే కర్ర పిడి, దూర్చే బెజ్జం ఓ పక్కకి చీలి ఉంది.

"ఇంకోచోట చూపిస్తే కరెంటు వెల్డింగు పెడతామన్నారు. ఆ వేడికి అంచు పదును పోతుంది. నువ్వేమంటావు?" అన్నారు.

మంగతాయారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అలాంటి గొడ్డలి ఆమె ఎప్పుడూ చూడలేదు. పై అంచు తిన్నగా ముందుకు వెళ్ళింది. కింది భాగం మాత్రం బెజ్జం దగ్గర సన్నగా మొదలై, ముందుకెళ్ళాక ఒక్కసారిగా కిందికి వేలాడింది. పక్కనుంచి చూస్తే గడ్డం ఉన్న మనిషి మొహంలా ఉంది.

"దీనికి గడ్డం ఉందేంటండీ బాబూ!"

లూయిస్ గారు నవ్వారు. "దాని పేరే గడ్డం గొడ్డలి. అక్కడ కూడా ఆ మాటే అంటారు."

నాగమణి బకెట్ బోర్లించి ఆయన్ని కూర్చోబెట్టింది. టీ వచ్చింది. మంగతాయారు ఆ గొడ్డలి వదల్లేదు. ఇదెందుకిలా ఉంది, ఎవరు పెట్టారు ఈ గడ్డం అని అడుగుతూనే ఉంది. ఆయనకి చెప్పాలని ఎంతో సరదా ఉన్నట్టుంది, కాలు మీద కాలేసుకుని చెప్పారు.

ఉత్తరాన మంచు దేశాల్లో వెయ్యేళ్ళకి ముందే ఈ నమూనా పుట్టిందట. అక్కడివాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. పలకలు రంపంతో కోసేవాళ్ళు కాదు. పెద్ద దుంగని మేకులు దిగ్గొట్టి నారవెంట చీల్చి, ఆ చీలికల్ని గొడ్డలితో చెక్కి పలకలు చేసేవాళ్ళు. చెక్కాలంటే పొడుగాటి అంచు కావాలి. పొడుగు అంచు కోసం గొడ్డలంతా పెద్దది చేస్తే ఇనుము బోలెడు పడుతుంది, చెయ్యి పడిపోతుంది. అందుకని అంచుని కిందికి లాగారు. బరువు పెరగలేదు, అంచు పెరిగింది. వాళ్ళలో కొందరు వచ్చి స్థిరపడ్డ దేశమే నార్మండీ. అక్కడ వెయ్యేళ్ళనాటి కుట్టుపని గుడ్డ ఒకటి భద్రంగా దాచారనీ, దాని మీద పడవలు చెక్కేవాళ్ళ బొమ్మల్లో చేతుల్లో ఇలాంటి గొడ్డళ్ళే ఉన్నాయనీ, తాను కళ్ళారా చూశాననీ అన్నారాయన.

"యుద్ధంలోనూ వాడేవాళ్ళు. ఎదుటివాడి డాలు అంచుకి ఈ గడ్డం తగిలించి లాగితే డాలు పక్కకి వచ్చేస్తుంది. పక్క పడవకి తగిలించి దగ్గరికి లాక్కునేవాళ్ళు కూడా. నాకు మాత్రం చెక్కడమే ఇష్టం. ఇలా రా, చూపిస్తాను."

పాక బయట ఓ తుమ్మ మొద్దు ఉంది. ఆయన ఆమె చేతిని కామ మీద పైపైకి జరిపి, గడ్డం వెనక ఉన్న సందులో వేళ్ళు పెట్టించారు. ఇప్పుడామె పిడికిలి అంచుకి సరిగ్గా వెనక ఉంది. "ఊఁ, నెట్టు." ఆమె నెట్టింది. మొద్దు మీంచి పల్చటి చెక్క చుట్ట చుట్టుకుంటూ లేచింది, ఉల్లిపొర లేచినట్టు. గొడ్డలితో కొట్టడం ఆమెకి తెలుసు. గొడ్డలితో గీయడం ఇప్పుడే చూస్తోంది. ఇంకోసారి నెట్టింది. ఇంకోసారి. పాపారావు తిత్తి దగ్గర్నుంచి లేచొచ్చి ఆ చెక్కపొరని ఎడం చేత్తో ఎత్తి ఎండలో పట్టి చూశాడు.

"ఒకపక్క చదునుగా ఉంది, రెండోపక్క వాలుగా ఉంది" అన్నాడు అంచు తడిమి.

"చదునువైపు దుంగకి ఆనుతుంది. పాతకాలంలో రెండువైపులా వాలున్నవే ఎక్కువ. చెక్కడానికని ఇలా ఒకపక్కే వాలు పెట్టడం అలవాటయింది" అన్నారు లూయిస్ గారు.

మర్నాడు అంచుకి తడి గోనె చుట్టి, చీలిన బెజ్జం వైపు మాత్రమే కొలిమిలో పెట్టారు. మంగతాయారు అతుకు పట్టడానికి చీలికలో వెలిగారం చల్లి, ఇనుము తెల్లబడి రవ్వలు చిమ్మే ముందు బయటికి తీసి, నాగమణి చేత గబగబా నాలుగు దెబ్బలు వేయించింది. చీలిక మూసుకుపోయింది. పనిచేస్తున్నంతసేపూ ఆమె ఆ గొడ్డలి లోపలి సంగతి చూస్తూనే ఉంది: మెత్తటి ఇనప పట్టీని కామ దూరేంత బెజ్జం వదిలి మడిచి, రెండు కొసలూ కలిపి, ఆ కొసల మధ్య ఉక్కు ముక్క పెట్టి అతికారు. అతుకు గీత సన్నగా, చీరంచులా కనపడుతోంది.

లూయిస్ గారు వచ్చి గొడ్డలి తీసుకుని తృప్తిగా తలాడించి వెళ్ళబోతుంటే ఆమె అంది, "నేనొకటి చేత్తానండి ఇలాంటిది."

"చెయ్యి. కానీ మొదటిది కుదరకపోతే దిగులుపడకు. మా యార్డుకి గొడ్డళ్ళిచ్చే కమ్మరి కూడా గడ్డం లాగేటప్పుడు తిట్టుకునేవాడు."

ఆయన చెప్పింది నిజమే. గడ్డం అంత తేలిగ్గా కిందికి రాలేదు. ఒక దెబ్బ ఎక్కువైతే పలచబడిపోతుంది, తక్కువైతే కురచగా ఉండిపోతుంది, అటూ ఇటూ చూసేలోగా వంకర తిరుగుతుంది. పాత బండి పట్టా ఇనుమూ, లారీ కమాను ఉక్కూ వాడారు. కామకి మద్ది కర్ర పెట్టారు. చూడ్డానికి ముచ్చటగా కుదిరింది. మంగతాయారు దాన్ని భుజాన వేసుకుని అడవిపొలం నడిచింది, వెనక నాగమణి.

వెంకటరాజు దాన్ని ఎగాదిగా చూసి, "ఇదేం వేషం అక్కా?" అన్నాడు. వడ్రంగులు పని ఆపి మూగారు. ఆమె చేతి పట్టు చూపించింది. వెంకటరాజు పడవ వంపు కోసం తెచ్చిన తుమ్మ కర్ర మీద పెట్టి నాలుగు పోట్లు వేశాడు. చెక్క లేచింది. ఐదోది కర్రలో కణుపు మీద పడింది. టప్పుమని అంచులోంచి గోరంత ముక్క ఎగిరిపోయింది.

ఎవరో నవ్వారు. వెంకటరాజు నవ్వలేదు, ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చెప్పాను కదక్కా" అన్నాడు మెల్లగా.

"చెప్పావు. ఇది కూడా ఏదో చెప్తాది, వింటాను" అంది మంగతాయారు. ఆ ముక్కని కొంగున ముడేసుకుంది. దారిపొడుగునా నాగమణి గొణుగుతూనే ఉంది, నవ్విన వడ్రంగిని తిడుతూ. మంగతాయారు మాత్రం వినిపించుకోలేదు. ఆమె మనసంతా ఉక్కు ఎందుకు విరిగిందన్న దాని మీదే ఉంది.

ఇంటికొచ్చి ముక్కని మొగుడి ముందు పెట్టింది. పాపారావు విరిగిన వైపు వెలుగులోకి తిప్పాడు.

"చూడు, పటికబెల్లం పలుకుల్లా గరుగ్గా ఉంది. మంచి ఉక్కు విరిగితే బూడిద రాసినట్టు నునుపుగా ఉండాలి. కాల్పు ఎక్కువైంది. ఇంకోటి, నీళ్ళల్లో ముంచాం. కమాను ఉక్కుకి నీళ్ళ చలి పడదు మంగా. నూనె కావాలి."

నాగమణి వెళ్ళి లారీ మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజన్ నూనె డబ్బా మోసుకొచ్చింది. రెండో గొడ్డలికి పాపారావు రంగులు మరీ నెమ్మదిగా చెప్పాడు. నూనెలో ముంచగానే పాకంతా పొగ కమ్మేసింది, ముగ్గురూ దగ్గుతూ బయటికి పరిగెత్తి, ఒకరి నల్లటి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత అంచుని తోమి, పెళుసు తగ్గడానికి వెనకనుంచి సెగ చూపించి, ఎండుగడ్డి రంగు వచ్చి తేనె రంగులోకి తిరుగుతుండగా ఆపేశారు. లూయిస్ గారి దొడ్లో కణుపులున్న కర్ర ఎంచుకుని మరీ ప్రయత్నించారు. అంచు చెక్కుచెదరలేదు. ఆయన పడవ పలక ఒకటి దాంతోనే చెక్కారు, "నా గొడ్డలి అలుగుతుందేమో" అంటూ.

మళ్ళీ అడవిపొలం. ఈసారి విరగలేదు. కానీ వెంకటరాజు మొహం చిట్లించాడు.

"లోపలికి దిగిపోతోందక్కా. గీస్తుంటే కర్రలోకి తవ్వుకుంటోంది. చూడు, గుంటలు పడ్డాయి."

పక్క వడ్రంగి తీసుకుని చెక్కాడు. అతనికి బాగానే వచ్చింది. మళ్ళీ వెంకటరాజు తీసుకున్నాడు, మళ్ళీ గుంట పడింది. అతనికి ఉక్రోషం వచ్చింది. చిన్నప్పట్నుంచి కర్రతో బతికినవాడు, తన మనుషుల ముందు గొడ్డలి తన మాట వినకపోవడం అతనికి నచ్చలేదు. "తీసుకెళ్ళిపో" అన్నాడు.

మంగతాయారు కదల్లేదు. "ఒక్కసారి చెక్కు. నీ చేతులు చూత్తాను" అంది.

అతను విసురుగా ఎత్తాడు. ఆమె గొడ్డలి చూడలేదు, పట్టు చూసింది. కామ కొసన కుడి చెయ్యి, గడ్డం వెనక ఎడం చెయ్యి. మిగతా వడ్రంగులు నిలబడే వైపు కాకుండా కర్రకి అతను రెండోవైపు నిలబడ్డాడు. వాలున్న వైపు దుంగకి ఆనుతోంది, చదునువైపు బయటికుంది.

"నువ్వు ఎడంచేతి వాటమా రాజూ?"

"పుట్టినప్పట్నుంచీ. అయితే?"

"అయితే తప్పు నీదీ కాదు, నాదీ కాదు. ఇది కుడిచేతి వాటం గొడ్డలి. నీకు నీ వాటానిది కావాలి. చదును ఇటు, వాలు అటు."

వెంకటరాజు గొడ్డలి కిందికి దించి దాన్ని తేరిపార చూశాడు. ఇన్నాళ్ళూ కాకినాడ నుంచి తెచ్చిన, ఒకపక్కే వాలున్న గొడ్డళ్ళతో తాను మొహం తిప్పుకుని, నడుం వంకర పెట్టి ఎందుకు చెక్కేవాడో అతనికి ఆ క్షణాన తట్టినట్టుంది. గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని కర్ర మీద కూర్చుండిపోయాడు.

లూయిస్ గారికి ఈ సంగతి చెబితే నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో! మా యార్డులో ఎడంచేతివాళ్ళ గొడ్డళ్ళు వేరే గోడకి వేలాడదీసేవాళ్ళు, పొరపాటున తియ్యకుండా కామకి ఎర్ర రంగు కూడా వేసేవాళ్ళు. ఎంతమాత్రం గుర్తు రాలేదు చూడు!"

మూడో గొడ్డలి వెంకటరాజు చేతికోసం చేసింది. మంగతాయారు కామని కూడా కొంచెం పక్కకి వంచింది, చెక్కేటప్పుడు అతని వేళ్ళు దుంగకి రాసుకోకుండా. వెంకటరాజు కర్ర పొడుగునా ఒకే ఊపున గీశాడు. చెక్కపొర అతని పాదాల దాకా చుట్టలు చుట్టుకుంటూ పడింది. కర్ర మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూసుకున్నాడు.

"మావాళ్ళందరికీ చెయ్యక్కా. ఎవరెవరిది ఏ వాటమో నువ్వే చూసుకో" అన్నాడు. మొన్న నవ్విన వడ్రంగి కూడా వరసలో నిలబడ్డాడు. నాగమణి వాడి చేతికేసి చూసి, "వీడిది చివర్న చేద్దాం వదినా" అంది.

ఆ తర్వాత కొలిమి బాగా నడిచింది. అటూ ఇటూగా అన్ని రేవుల్లోనూ గడ్డం గొడ్డలి గురించి మాట్లాడుకున్నారు. చాలామంది పాత బాడిసనే వదల్లేదు. బాడిసతో లోపలి వంపులు చెక్కి, బయటి పలకలకి గడ్డం గొడ్డలి వాడేవాళ్ళు. అది సబబే అనేది మంగతాయారు, దేని పని దానిది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి పొంగింది. యానాం వాళ్ళకి వరద కొత్త కాదు, కానీ ఆ ఏడు వచ్చినంత నీరు పెద్దవాళ్ళు కూడా ఎరగరు. తెల్లారేసరికి కొలిమి పాక చూరు దాకా నీళ్ళు వచ్చాయి. మంగతాయారు వాళ్ళు సామాను వదిలేసి పక్కవాళ్ళ మేడ ఎక్కారు. పగలు ఒక జాము గడిచాక వెంకటరాజు పడవేసుకుని వచ్చాడు. లూయిస్ గారి దొడ్లో తయారైన పడవ అది. చిన్నదే గానీ తేలికైంది, ఎదురు నీళ్ళలో బాగా తిరుగుతుంది.

"పల్లంలో ఓ ఇంటి మీద మనుషులున్నారు. చెయ్యి సాయం కావాలి" అని అరిచాడు.

మంగతాయారూ నాగమణీ దిగారు. పాపారావు కూడా దిగబోతే చోటు చాలదని ఆపేశారు. పల్లంలో ఇల్లు కనపడుతూనే ఉంది. పెంకుల మీద ముసలమ్మ ఒకామె, కోడలు, ఆమె చంకలో పసిపిల్ల. ముసలమ్మ చిట్టెమ్మ, చేపలమ్ముకునే మనిషి, మంగతాయారుకి తెలిసిందే. కానీ పడవ దగ్గరికి వెళ్ళే కొద్దీ ఆ ఇంటి మూల తిరిగే సుడి దాన్ని అవతలకి విసిరేస్తోంది. గెడ వేస్తే అడుగు అందడం లేదు. తాడు విసిరితే కోడలు ఒక చేత్తో పట్టుకోలేకపోతోంది, రెండో చేత్తో పిల్లుంది. రెండుసార్లు దగ్గరికొచ్చి రెండుసార్లూ కొట్టుకుపోయారు.

పడవలో వెంకటరాజు గొడ్డలి ఉంది. అది లేకుండా అతను ఇల్లు కదలడు. మంగతాయారు దాన్ని తీసుకుంది.

"ఇంకోసారి తిప్పు. చూరుకి వీలైనంత దగ్గరగా పోనీ" అంది.

పడవ మూల దాటి జారిపోతుండగా ఆమె ముందుకు వంగి, గొడ్డలిని పెంకుల కిందనుంచి పైకి తోసి, బయటికి పొడుచుకొచ్చిన దూలానికి గడ్డం తగిలించింది. తగిలించి లాగింది. భుజాలు ఊడిపోతాయేమోననిపించింది. పడవ ఒక్క కుదుపుతో ఆగింది. నాగమణి వెనకనుంచి వదిన నడుం వాటేసుకుని కాళ్ళు పడవ అంచుకి తన్నిపెట్టింది. సమ్మెట వేసి వేసి ఉక్కులా అయిన చేతులు వాళ్ళిద్దరివీ. నీళ్ళు లాగుతున్నాయి, వాళ్ళు లాగుతున్నారు.

"దిగండమ్మా! ముందు పిల్లని!" అని వెంకటరాజు అరిచాడు.

పిల్ల వచ్చింది, కోడలు వచ్చింది. చిట్టెమ్మ మాత్రం ఓ మూట కూడా తెస్తానని పట్టుబట్టింది.

"మూట నేను మళ్ళీ కట్టిత్తాను, నువ్వు దిగు చిట్టెమ్మత్తా!" అని మంగతాయారు పళ్ళ బిగువున అరిచేసరికి ఆమె నీళ్ళలోకి జారి పడవ అంచు పట్టుకుంది. ఆమెని లోపలికి లాగాక మంగతాయారు గొడ్డలిని ఒక పక్కకి తిప్పింది. గడ్డం దూలం నుంచి విడిపోయింది. పడవ నీటితో పాటు సాగిపోయింది.

లూయిస్ గారు ఆ సాయంత్రం చర్చి మెట్ల దగ్గర అన్నం వడ్డిస్తూ ఈ మాట విన్నారు. "వాళ్ళు డాళ్ళు లాగారు, నువ్వు ఇల్లు లాగావు" అన్నారు. చాలారోజుల పాటు ఎవరు కనపడినా అదే చెప్పేవారాయన, తానే లాగినంత గర్వంగా.

నీళ్ళు తీశాక కొలిమి ఉన్నచోట ఏమీ లేదు. తాటాకులు పోయాయి, తిత్తి తోలు కుళ్ళిపోయింది, బొగ్గు కొట్టుకుపోయింది. దాగలి మాత్రం ఒండ్రులో నిలువునా దిగబడి ఉంది. పాపారావే దాని చోటు గుర్తుపట్టాడు. అతను కాలితో తడుముతూ నడిచి, ఒకచోట ఆగి, "ఇక్కడ" అన్నాడు. తవ్వితే నిజంగానే అక్కడే ఉంది. దాన్ని కడిగి నిలబెట్టిన రోజు వెంకటరాజు తన వడ్రంగులందర్నీ తీసుకొచ్చి పాక వేశాడు. ఎవరూ పిలవలేదు.

వరద చాలా పడవలు విరగ్గొట్టింది. బాగుచెయ్యాల్సినవీ, కొత్తగా కట్టాల్సినవీ ఒడ్డంతా ఉన్నాయి. గొడ్డళ్ళ కోసం అవతలి ఒడ్డు ఎదుర్లంక నుంచి పంటు ఎక్కి ఏరు దాటి వచ్చేవాళ్ళు. ఆ రద్దీలో పాపారావు తన ఎడం చేతికి చిన్న సుత్తి అలవాటు చేసుకున్నాడు. పెద్ద దెబ్బ వెయ్యలేడు, అంచులు సరిచెయ్యగలడు. అతను సరిచేసిన అంచుకి ఆకురాయి పని సగం తగ్గేది. ఒకరోజు ఆ సంగతి గమనించి, "మీరు నా కంటే నున్నగా తెత్తున్నారు" అంది మంగతాయారు. అతను ఆ పూట మరో నాలుగు అంచులు సరిచేసి పెట్టాడు.

కాకినాడ నుంచి ఒక ఇనప సామాన్ల వ్యాపారి కారులో వచ్చాడు. మంచి మనిషే, మర్యాదగా మాట్లాడాడు. అన్నీ ఒకే సైజులో, ఒకే వాటంలో చేసిస్తే తన షాపులో పెట్టి దేశమంతా అమ్ముతానన్నాడు.

"ఒకే వాటం ఎలా కుదురుద్దండి? చేతులు రెండు రకాలు" అంది మంగతాయారు.

"ఎడంచేతివాళ్ళు ఎంతమందుంటారమ్మా? కొద్దిమంది."

"ఆ కొద్దిమందే కదండీ ఇప్పటిదాకా నడుం నొప్పితో చెక్కింది. రెండూ పెడితే చేత్తాను. ఒకటే అయితే నా దగ్గరికే రమ్మనండి."

అతను వెళ్ళిపోయాడు. కొంతకాలానికి మళ్ళీ వచ్చి సరే, రెండూ పెడతానన్నాడు. అప్పటికి నాగమణి కూడా సుత్తి పట్టింది. అగ్రహారంలో సొంతంగా కొలిమి పెట్టుకుంటానని ఒకరోజు తేల్చి చెప్పింది. మంగతాయారు ఆమె భుజం తట్టి, "తిత్తి తోలు నేనే కుట్టిత్తాను, కొనకు" అంది వెంటనే.

ఎనభై తొమ్మిదిలో వెంకటరాజు తాను కట్టినవాటన్నిట్లోకీ పెద్ద పడవని నీళ్ళలోకి దించాడు. ఒడ్డంతా జనం. మంగతాయారు పడవ పక్కకి వెళ్ళి పలకల మీద అరచెయ్యి వేసి ముందునుంచి వెనక దాకా నడిచింది. ఎక్కడా గుంట తగల్లేదు. గొడ్డలి గీతలు సన్నగా, వరసగా, చేపపొలుసుల్లా వేళ్ళకి తెలుస్తున్నాయి. లూయిస్ గారు కుర్చీలో కూర్చుని తెరేసాకి ఏదో వివరిస్తున్నారు. ఆవిడ ఎన్నోసారో వింటున్నట్టు తలాడిస్తోంది.

పడవ నీళ్ళలోకి జారి, ఒక్కసారి మునిగినట్టు వంగి, నిలబడింది. వెంకటరాజు పైనుంచి చెయ్యి చాచాడు.

"ఎక్కు అక్కా. ఎదుర్లంక దాకా వెళ్ళొద్దాం. బావగారూ, మీరూ రండి."

"కొలిమిలో పనుందయ్యా" అన్నాడు పాపారావు.

"ఇయ్యాల లేదు" అంది మంగతాయారు, అతని ఎడం చెయ్యి పట్టుకుని ఎక్కిస్తూ. వాళ్ళిద్దరూ కలిసి ఏ పనీ లేకుండా గోదావరి దాటడం అదే మొదటిసారి. నడి ఏటికి వచ్చాక గాలి బాగా తగిలింది. పాపారావు పడవ అంచు పట్టుకుని వంగి నీటి గీత దగ్గర పలకల అతుకులు పరీక్షగా చూశాడు.

"చుక్క రావట్లేదు" అన్నాడు.

"ఎందుకొత్తాది?" అంది మంగతాయారు. కొంగు తలకి చుట్టుకుని, అవతలి ఒడ్డు దగ్గరవుతుంటే చూస్తూ కూర్చుంది.